మనసు ఊరుకోదు, దేవుడు మాట్లాడడు: నేనెలా కనిపెట్టాలి?

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. వయసు 36, ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. భర్త, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, షుగరుతో బాధపడే అత్తగారు, ఇదీ ఇల్లు. పుట్టింటివాళ్లది లూథరన్ సంఘం. పెళ్లయ్యాక భర్త వెళ్లే సంఘానికే వెళ్తున్నారు. అక్కడ ప్రార్థన అంటే అందరూ ఒకేసారి గొంతెత్తి చేసేది. అది ఈమెకు ఇష్టమే, ఆ ప్రార్థనలో ఏడ్చి తేలికపడిన రోజులున్నాయట. కష్టమల్లా ఒంటరిగా, మౌనంగా కూర్చోవాల్సి వచ్చినప్పుడే.

అలా కూర్చోవాల్సిన అవసరం ఈ మధ్యే వచ్చింది. గల్ఫ్‌లో ఒక ఆసుపత్రిలో రెండేళ్ల కాంట్రాక్టు ఉద్యోగం ఉందని ఏజెంటు ద్వారా కబురు వచ్చింది. వెళ్తే ఇంటి అప్పు తీరుతుంది. కానీ చిన్నపాపకు ఆరేళ్లే. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. పాస్టరుగారిని అడిగితే, “తొందరపడొద్దమ్మా, తెల్లవారుజామున లేచి ప్రభువు సన్నిధిలో కనిపెట్టు, ఆయనే మాట్లాడతాడు” అన్నారు. కనిపెట్టడమంటే దేవుని మాట కోసం ఆయన సన్నిధిలో ఎదురుచూడటం. అప్పటినుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేస్తున్నారు.

ఆ తర్వాతిది ఆమె మాటల్లోనే: “మోకాళ్ల మీద ఉండి, ‘ప్రభువా, మాట్లాడు, వింటున్నాను’ అంటాను. రెండు నిమిషాలు కాకముందే గ్యాస్ బుక్ చేశానా, చీటీ డబ్బు ఎవరికిచ్చాను, ఆరో బెడ్ పేషెంటుకి రాత్రి జ్వరం తగ్గిందా అని మనసు ఎటో పోతుంది. లాక్కొస్తాను. మళ్లీ పోతుంది. నైట్ డ్యూటీ వారంలో అయితే మోకాళ్ల మీదే నిద్రపోతాను. ఒక్కోసారి రాయడానికి కూడా వీల్లేని మాటలు యేసయ్య మీదే మనసులోకి వస్తాయి, భయమేసి లేచిపోతాను. సంఘంలో ఒక అక్క ఐదు రోజులు కనిపెడితే ప్రభువు తనతో స్పష్టంగా మాట్లాడాడని సాక్ష్యం చెప్పింది. నాకేమీ వినిపించదు. మా వదిన, నువ్వు ద్విమనస్కురాలివి, దాచుకున్న పాపమేదో ఉంది, అందుకే ఆయన మాట్లాడట్లేదు అంటోంది. ఆసుపత్రిలో స్నేహితురాలు ఊపిరి మీద ధ్యాస పెట్టమంది. అది వేరే మతంవాళ్ల ధ్యానం, మనం చేయకూడదని మావారు అన్నారు. దీనికంటే ప్రార్థన మానేస్తేనే శాంతిగా ఉంటుందేమో అనిపిస్తోంది.”

అమ్మా, మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర నాకు బాధేసింది. కాబట్టి అసలు సంగతి ముందే చెప్తాను. మీరు కనిపెట్టడం అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు పెట్టుకున్నారు. ఒకటి, దేవుని దగ్గర ఊరికే ఉండటం. రెండోది, గల్ఫ్ ఉద్యోగానికి అవునా కాదా అన్న జవాబు కోసం చూడటం. ఈ రెండూ ఒకే అరగంటలో, నెలాఖరు గడువుతో కలిసిపోయాయి. ఇక ఆ అరగంట మీకు పరీక్ష హాలు అయిపోయింది. కూర్చున్న ప్రతిసారీ “ఇప్పుడు వినిపిస్తుందా, ఇప్పుడు వినిపిస్తుందా” అన్న టెన్షన్‌తో చెవులు రిక్కించి ఉంటే ఏ మనసైనా నిమ్మళంగా ఎలా ఉంటుంది? మనసు చెదరడం మీ జబ్బు అనుకుంటున్నారు. నాకు మాత్రం మీరు దాని మీద మోపిన బరువే కనబడుతోంది. అందుకే ఈ రెండింటినీ విడదీసి మాట్లాడతాను, ఉద్యోగం సంగతి తర్వాత.

ముందు మనసు చెదరడం పాపమా అన్న ప్రశ్న. మీ బైబిల్లో 62వ కీర్తన తీయండి. “నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది” అని మొదలవుతుంది. చాలామంది ఆ మాట గోడ మీద రాసుకుని అక్కడితో ఆగిపోతారు. మీరు ఆగకుండా చదవండి. మూడో, నాలుగో వచనాల్లో ఆ కీర్తన పాడిన దావీదు ఎక్కడికి వెళ్లిపోయాడో చూడండి. తన మీద పడుతున్నవాళ్లు, తనను కూలదోయాలని ఆలోచించేవాళ్లు, నోటితో దీవించి లోపల శపించేవాళ్లు, అందరూ గుర్తొచ్చేశారు. మౌనంగా ఉన్నానన్న మనిషి రెండు వచనాలు తిరక్కుండానే శత్రువుల లెక్క తీస్తున్నాడు. ఐదో వచనానికి మళ్లీ తన ప్రాణానికే చెప్పుకుంటున్నాడు: “నా ప్రాణమా, దేవుని నమ్ముకొని మౌనముగా నుండుము.” మొదటి వచనంలో ఉన్న మౌనం పోకపోతే ఐదో వచనంలో మళ్లీ చెప్పుకోవాల్సిన పనేముంది? మనసు పోయింది, తెచ్చుకున్నాడు. ఆ పోవడమూ, తిరిగి రావడమూ రెండూ కీర్తనలోనే ఉన్నాయి. మీ గ్యాస్ బుకింగూ, ఆరో బెడ్డూ మీ మూడో, నాలుగో వచనాలనుకోండి.

మీరొక్కరే ఇలా ఉన్నారని కూడా అనుకోకండి. 16వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఆవిలా తెరెసా అనే సన్యాసిని ఉండేవారు. మౌన ప్రార్థన గురించి లోకానికి నేర్పినవారిలో ఆమెది పెద్ద పేరు. ఆమె తన జీవితం గురించి రాసుకుంటూ, కొన్నేళ్ల పాటు ప్రార్థన గంట ఎప్పుడు అయిపోతుందా అని గడియారం మోత కోసం చెవి పెట్టేదాన్నని ఒప్పుకున్నారు. చాలా ఏళ్లు చేతిలో పుస్తకం లేకుండా ప్రార్థనకు కూర్చోవడానికే ధైర్యం చాలేది కాదట. ఆమె కేథలిక్కు కదా అని మీవాళ్లు అనొచ్చు. మనసు మాత్రం ఏ సంఘంవాళ్లకైనా ఒకటే. 2010లో హార్వర్డ్ పరిశోధకులు రెండు వేల మందికి పైగా జనాన్ని ఫోను ద్వారా పదే పదే అడిగి చూస్తే, మెలకువగా ఉన్న సమయంలో దాదాపు సగం సేపు వాళ్ల మనసు చేస్తున్న పని మీద లేదు. మనుషుల మనసు పుట్టుకే అలాంటిది. ప్రార్థనకు కూర్చోగానే అది మారిపోదు. మిగతా వేళల్లో ఫోనో, పనో, మాటలో మనసును కప్పేస్తాయి కాబట్టి దాని పరుగు మీకు తెలియదు. నాలుగింటికి ఇల్లంతా సద్దుమణిగాక తెలుస్తుంది, అంతే.

మీ వదినగారు ఎత్తిచూపినవి రెండు వాక్యాలు అనుకుంటున్నాను. ద్విమనస్కుడు అన్నది యాకోబు పత్రిక మొదటి అధ్యాయం. అక్కడే, అంతకు మూడు వచనాల ముందు, జ్ఞానం కొదువైనవాడు దేవుణ్ణి అడగాలనీ, ఆయన “ఎవనిని గద్దింపక అందరికిని ధారాళముగ” ఇస్తాడనీ ఉంది. గద్దింపక అన్న మాట మీరు పట్టుకోండి. ఆ అధ్యాయం హెచ్చరించేది నమ్మకం, అపనమ్మకం మధ్య ఊగేవాళ్లను. మోకాళ్ల మీద ఉండగా చీటీ డబ్బు గుర్తొచ్చిన తల్లి గురించి అందులో ఏమీ లేదు. రెండోది, హృదయంలో పాపాన్ని లక్ష్యం చేస్తే ప్రభువు మనవి వినడన్న 66వ కీర్తన మాట. తర్వాతి వచనంలోనే “నిశ్చయముగా దేవుడు నా మనవి అంగీకరించియున్నాడు” అని ఉంది. మీకు తెలిసి దాచుకున్నది ఏదైనా ఉంటే, దానికి మీ మనస్సాక్షే పేరు పెడుతుంది, ఒప్పుకోండి, అక్కడితో తీరింది. ఏమిటో ఎవరికీ తెలియని పాపం కోసం ప్రతి తెల్లవారుజామునా మిమ్మల్ని మీరు సోదా చేసుకోవడం పశ్చాత్తాపం కాదు. దానివల్ల భయం పెరుగుతుంది, భయం పెరిగితే మనసు ఇంకా పరిగెడుతుంది.

సరే, మరి కూర్చున్నప్పుడు ఏం చేయాలి? కొన్ని దారులు చెప్తాను. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒకటి ఎంచుకుని ఒక రెండు వారాలు చూడండి.

మొదటిది, మౌనానికి ముందు కుమ్మరించడం. ఆ 62వ కీర్తనే ఎనిమిదో వచనంలో “ఆయన సన్నిధిని మీ హృదయములు కుమ్మరించుడి” అంటుంది. మీ సంఘంలో గొంతెత్తి చేసే ప్రార్థన ఈ పనే చేస్తుంది, అందుకే మీకు అక్కడ తేలికగా ఉంటోంది. ఇంట్లో మాత్రం మీరు కుమ్మరించకుండానే మౌనంలోకి దూకుతున్నారు. ముందు ఐదు నిమిషాలు మెల్లగా నోటితోనే చెప్పండి. అప్పు, పాప, అత్తగారి షుగరు, ఏజెంటు ఫోను, ఏది ముందొస్తే అది. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, గ్యాస్ లాంటివి గుర్తొస్తే రాసి పక్కన పెట్టండి. రాస్తే అది పోదని తెలుసు కాబట్టి మనసు పట్టు వదులుతుంది. దీనిలో ఒక చిక్కుంది. కొందరికి ఆ నోటుబుక్కే రేపటి పనుల జాబితా అయిపోతుంది, ప్రార్థనంతా రాతతోనే గడిచిపోతుంది. అలా అవుతుంటే పుస్తకం మూసేసి నోటిమాటతోనే ఉండండి.

రెండోది, చిన్న వాక్యం ఒకటి పట్టుకుని ఉండటం. ఇది చాలా పాతది. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారుల్లో ప్రార్థనకే జీవితం ఇచ్చేసిన సన్యాసులు ఉండేవారు. వాళ్ల దగ్గర నేర్చుకున్న జాన్ కాసియన్ అనే ఆయన, 70వ కీర్తన మొదటి వచనాన్ని ఎప్పుడూ పెదవుల మీద ఉంచుకోమని రాసిపెట్టాడు: “దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము.” తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలవాళ్లు “ప్రభువైన యేసుక్రీస్తూ, పాపినైన నన్ను కరుణించు” అని ఇలాగే చెప్పుకుంటారు. మీకు ఏ మాట దగ్గరగా ఉంటే అది తీసుకోండి, కానీ రోజుకొకటి మార్చకండి. మెల్లగా అనండి, ఆగండి, మనసు పోయిందని తెలియగానే మళ్లీ అనండి. తిట్టుకోవద్దు, ఎంతసేపు పోయిందో లెక్క పెట్టుకోవద్దు. ఇది వ్యర్థమైన మాటల వల్లింపు కదా అని మీవారు అడగొచ్చు. మత్తయి ఆరో అధ్యాయంలో ప్రభువు తప్పుపట్టింది, ఎక్కువ మాటలు చెబితేనే దేవుడు వింటాడన్న నమ్మకాన్ని. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయనే మూడోసారి కూడా అవే మాటలు చెప్తూ ప్రార్థించాడు. ఒక జాగ్రత్త మాత్రం నిజమే. అలవాటైపోయాక నోరు ఒకటి అంటుంటే మనసు మరోచోట హాయిగా తిరుగుతుంది. అప్పుడు ఆ వాక్యాన్ని ఆపి, కాసేపు అది వచ్చిన అధ్యాయం మొత్తం చదువుకోండి.

మీ పనిలోంచే చెప్తాను. రాత్రి డ్యూటీలో సీరియస్ పేషెంటు పక్కన కూర్చుంటారు కదా. ఆ రాత్రంతా మీ ఆలోచనలు ఆ మనిషి మీదే ఉంటాయా? ఉండవు. ఇల్లు గుర్తొస్తుంది, జీతం గుర్తొస్తుంది. అయినా కుర్చీ వదలరు, మూలుగు వినిపిస్తే చెయ్యి పట్టుకుంటారు. తెల్లారాక ఆ పేషెంటు భార్య “రాత్రంతా సిస్టరు పక్కనే ఉంది” అంటుంది, అది అబద్ధం కాదు. దేవుని సన్నిధిలో ఉండటం కూడా అలాగే చూడండి.

మూడో దారి, అసలు మౌనంగా కూర్చోవద్దనుకోవడం. ఇది ఓటమి కాదమ్మా. కొంతమందికి కదులుతుంటేనే మనసు నిలుస్తుంది. మేడ మీద మెల్లగా నడుస్తూ కీర్తన పాడుకోవచ్చు. లూథరన్ ఇంట్లో పెరిగారు కాబట్టి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. 17వ శతాబ్దంలో పారిస్‌లో ఒక మఠం వంటగదిలో పనిచేసిన బ్రదర్ లారెన్స్, తనకు ప్రార్థన వేళకూ వంట వేళకూ తేడా తెలియదని చెప్పేవారు. మనసు చెదిరినందుకు కంగారుపడితే అది ఇంకా చెదురుతుందనీ, మెత్తగా వెనక్కి తెచ్చుకోవాలనీ ఆయన సలహా. బైబిల్లో రాజు కొలువులో పనిచేసిన నెహెమ్యా అయితే, రాజు ప్రశ్న అడిగాక, తను జవాబు చెప్పేలోపే ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసేశాడు. వార్డులో ఒక బెడ్డు నుంచి ఇంకో బెడ్డుకు నడిచేటప్పుడు మీకూ ఆ పాటి సమయం ఉంటుంది. ఈ దారిలో నష్టమేమిటంటే, పూర్తిగా దీనిలోనే ఉండిపోతే నిశ్చలంగా కూర్చునే అలవాటు ఎప్పటికీ రాకపోవచ్చు. ఇప్పుడు మీకు ముఖ్యం ప్రార్థన అంటే భయం పోవడం. అది పోయాక కూర్చోవడం గురించి మళ్లీ చూసుకోవచ్చు.

ఊపిరి సంగతి. మీవారి మాటను తేలిగ్గా తీసేయను. మనం ఎవరి వైపు తిరిగి కూర్చున్నామన్నది క్రైస్తవ ప్రార్థనలో ప్రాణం లాంటిది, ఆయన భయమంతా దాని గురించే. ఊపిరి మాత్రం ఏ మతం సొత్తూ కాదు. గ్రీసులో ఆథోస్ కొండ మీది క్రైస్తవ సన్యాసులు 14వ శతాబ్దం నాటికే యేసు నామ ప్రార్థనను ఊపిరితో కలిపి చేసేవారు. దాని మీద అప్పట్లోనే పెద్ద వాదం నడిచింది, గ్రెగరీ పాలమాస్ అనే సన్యాసి వాళ్ల పక్షాన నిలబడ్డాడు. ఇంకో సంగతి మీకు నర్సుగా నచ్చుతుంది. 2001లో ఇటలీ పరిశోధకులు లాటిన్‌లో జపమాల ప్రార్థన చెప్పేవాళ్లను పరీక్షిస్తే, వాళ్ల శ్వాస దానంతటదే నిమిషానికి ఆరుకు దగ్గరగా తగ్గింది. ఊపిరి మీద ధ్యాస పెట్టమని వాళ్లకెవరూ చెప్పలేదు. మంత్రం చెప్పినప్పుడు కూడా అలాగే తగ్గింది, కాబట్టి ఇది శరీరం పనిచేసే తీరు, దానికి ఆత్మీయ అర్థం అంటగట్టనక్కర్లేదు. మీ ముందు రెండు దారులున్నాయి. మీవారితో కూర్చుని ఇదంతా చెప్పి, ఊపిరి పీల్చేటప్పుడు “ప్రభువా”, వదిలేటప్పుడు “కరుణించు” అనుకోవచ్చు. లేదా ఇంట్లో దాని మీద గొడవ అవుతుందనిపిస్తే ఊపిరి ప్రస్తావనే వదిలేసి, పైన చెప్పిన వాక్యాన్ని నిదానంగా చెప్పుకోండి. ఊపిరి తనంతట తనే నెమ్మదిస్తుంది. మీ ఇంటి శాంతి దృష్ట్యా నేనైతే రెండోదాని వైపే మొగ్గుతాను. రహస్యంగా చేయడం మాత్రం వద్దు, ఆ దాపరికం కూడా మనసును కెలుకుతుంది.

నిద్ర గురించి గట్టిగానే చెప్తాను. నైట్ డ్యూటీ వారంలో నాలుగింటి ప్రార్థన పెట్టుకోకండి. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద చచ్చిపోవాలని కోరుకుని పడుకున్నప్పుడు, దేవదూత అతనికి ఉపదేశం చేయలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, “నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది” అని మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ మీద దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. తెల్లవారుజామున లేవడం మంచి అలవాటే, మన సంఘాల్లో దానికి గొప్ప చరిత్ర ఉంది, కానీ అది ఆజ్ఞ కాదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, నిద్రపోయి లేచాక మధ్యాహ్నం పది నిమిషాలు కూర్చోండి. గెత్సేమనేలో నిద్రపోయిన శిష్యుల గురించి “ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము” అన్నది స్వయంగా ప్రభువే.

ఇక ఆ రాయలేని మాటలు. మీరు వాటిని రాయకపోయినా అర్థమైంది. అవి మీ కోరికలు కావు. కావు కాబట్టే మీకు భయమేస్తోంది. మనిషి దేన్ని ఎక్కువగా ప్రేమిస్తాడో, దేనికి హాని జరగకూడదనుకుంటాడో, దాని మీదే ఇలాంటి ఆలోచనలు వచ్చి పడటం వైద్యులకు బాగా తెలిసిన విషయం. పసిబిడ్డల తల్లులకు బిడ్డ గురించి వస్తాయి, భక్తిపరులకు దేవుని గురించి వస్తాయి. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ బన్యన్ అనే బోధకుడికి, క్రీస్తును అమ్మెయ్, అమ్మెయ్ అన్న మాట లోపల రోజుల తరబడి మోగేది. ఆయన దాంతో నలిగిపోయాడు, అయినా విశ్వాసంలో నిలిచాడు, బోధించాడు. అలాంటి మాట వచ్చినప్పుడు దానితో వాదించకండి, క్షమించమని నలభైసార్లు అడగకండి. “ఇది వచ్చింది, ఇది నాది కాదు” అనుకుని మీ వాక్యం దగ్గరికి తిరిగి రండి. అయితే ఒకటి గమనించుకోండి. ఈ ఆలోచనలు రోజులో చాలా సేపు తినేస్తున్నా, వాటిని పోగొట్టుకోవడానికి కడిగిందే కడగడం, చెప్పిందే చెప్పడం లాంటివి చేయాల్సి వస్తున్నా, నిద్రా ఆకలీ తగ్గినా, చచ్చిపోతే బాగుండు అనిపించినా మానసిక వైద్యుణ్ణి కలవండి. దీనికి మందు ఉంది, చికిత్స ఉంది. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థిస్తూనే షుగరుకు మందు వేసుకునే అత్తగారు మీ ఇంట్లోనే ఉన్నారు, ఇదీ అంతే.

ఇప్పుడు ఉద్యోగం. దీన్ని తెల్లవారుజాము ప్రార్థనలోంచి బయటికి తీయమన్నది దేవుణ్ణి పక్కన పెట్టమని కాదు. దీనికి వేరే వేళ, వేరే మనుషులు కావాలని. హోరేబులో ఏలీయాకు “మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము” వినబడిందని మన ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం. ఆ స్వరం అడిగింది ఒక ప్రశ్న: ఇక్కడేం చేస్తున్నావు? ఏలీయా జవాబు చూస్తే, స్వరం వినకముందు పదో వచనంలో చెప్పిన ఫిర్యాదే, విన్నాక పద్నాలుగో వచనంలో దాదాపు మాట మార్చకుండా మళ్లీ చెప్పాడు. అంత దర్శనం చూసినా అతని లోపలి గోల తగ్గలేదు. దేవుడు అది తగ్గేదాకా ఆగనూ లేదు, చేయాల్సిన పని చెప్పి పంపాడు, నువ్వొక్కడివే మిగల్లేదు, ఇంకా ఏడు వేలమంది ఉన్నారన్నాడు. కాబట్టి నా మనసు నెమ్మదించాకే దేవుడు దారి చూపిస్తాడు అన్న లెక్క మీరు పెట్టుకున్నదే, ఆయన పెట్టింది కాదు.

సంఘంలో సాక్ష్యం చెప్పిన అక్కను నేను అనుమానించను. దేవుడు అలా కొందరితో మాట్లాడతాడని నేనూ నమ్ముతాను. కానీ అది అందరికీ కొలత కాదు. నెలాఖరు గడువు నెత్తిమీద పెట్టుకుని స్వరం కోసం చూసే మనిషికి ఒక ప్రమాదం ఉంది. అలసిపోయిన మనసు తనకు కావలసిన జవాబునో, తను భయపడే జవాబునో తనే పలికి, దానికి దేవుని పేరు పెడుతుంది. రేపు గల్ఫ్‌లో కష్టమొస్తే అప్పుడు మీరు సందేహించేది దేవుణ్ణి. యాకోబు పత్రికలో వాగ్దానం చేసింది జ్ఞానం. జ్ఞానం చాలాసార్లు లెక్కల రూపంలో, మనుషుల మాటల రూపంలో వస్తుంది. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము పెద్దలు పెద్ద వాదన జరిపి, పేతురు అనుభవం విని, లేఖనం చూసి, ఆ తర్వాత “పరిశుద్ధాత్మకును మాకును తోచెను” అని రాశారు. ఆత్మకూ వాళ్లకూ కలిసి తోచింది, కూర్చుని మాట్లాడుకున్నాక.

మీరూ కూర్చోండి. మీవారు, అత్తగారు, మీ పుట్టింటి నుంచి ఒకరు. అప్పు ఎంత, జీతంలోంచి నెలకు నిజంగా ఎంత మిగులుతుంది, రెండేళ్లలో సెలవు ఎప్పుడిస్తారు, పాపను రాత్రి ఎవరు పడుకోబెడతారు, అత్తగారి ఇన్సులిన్ ఎవరు చూస్తారు, ఇవన్నీ కాగితం మీద పెట్టండి. ఆ ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. అది లేకపోతే ఇంక కనిపెట్టాల్సిందేమీ లేదు, జవాబు వచ్చేసినట్టే. ఉంటే, వెళ్లడం వల్ల అప్పు తీరుతుంది, ఆరేళ్ల పాప ఎనిమిదేళ్లకు వస్తుంది, ఆ రెండేళ్లు తిరిగి రావు. వెళ్లకపోతే పాప దగ్గరుంటారు, అప్పు ఇంకొన్నేళ్లు సాగుతుంది, ఆ బరువు మీ ఇద్దరి మధ్య మాటల్లోకి రావచ్చు. మూడో దారి, ఏడాదో రెండేళ్లో ఆగి పాప కాస్త పెద్దదయ్యాక ప్రయత్నించడం. ఈ ఉద్యోగం అప్పటికి ఉండదు, నర్సులకు ఇంకోటి దొరకడం మాత్రం అసాధ్యమేమీ కాదు. ఇందులో ఏది ఎంచుకున్నా అది పాపం కాదు. రెండు మంచి దారుల మధ్య దేవుడు తన బిడ్డను ఎంచుకోనిస్తాడని నేను నమ్ముతాను. నిర్ణయం తీసుకున్నాక ఒక వారం ఎవరికీ చెప్పకుండా, ఆ నిర్ణయంతోనే ప్రార్థనలో ఉండి చూడండి. లోపల సమాధానం ఉందా, ముడి పడుతోందా అన్నది ఆ వారంలో తెలుస్తుంది. ఆ ఒక్క సూచన మీదే మొత్తం వదలకుండా లెక్కలతో కలిపి చూడండి. వారం దాటేలోగా గడువు అయిపోతుందనుకుంటే ఏజెంటును ఇంకో పది రోజులు అడగండి, ఇవ్వనంటే అది కూడా ఒక సమాచారమే.

పాస్టరుగారికి ఇదంతా దాచకండి. “అయ్యగారూ, నాకు స్వరమేమీ వినబడలేదు, ఇంట్లో కూర్చుని ఇలా ఆలోచించాం, దీని మీద మాతో కలిసి ప్రార్థించండి” అని భార్యాభర్తలిద్దరూ వెళ్లి చెప్పండి. మంచి కాపరి అయితే సంతోషిస్తారు. వదినగారితో మాత్రం వాదన పెట్టుకోకండి, ప్రార్థనలో ఏం జరిగిందని మళ్లీ అడిగితే “జరుగుతోంది వదినా” అని ఊరుకోండి. ఈ వారం నైట్ డ్యూటీ ఉంటే ముందు నిద్రపోండి, మిగతావన్నీ డే డ్యూటీ వారం నుంచి మొదలుపెట్టొచ్చు. ఏజెంటు లైసెన్సు మాత్రం రేపే చూడండి.